గువ్వలలంక లాకుకు లైసెన్సు

ఆశ్వయుజ శుద్ధ చవితి. ఉదయం పోటు 2.3 మీటర్లు.

ఈ ల్యాబ్ పుస్తకం శ్రావణం దాకా నా సీనియరు వేణి అక్క రాసేది. ఇవాళ్టి నుంచి నన్ను రాయమని మా ప్రొఫెసరు భానోజీ సారు చెప్పారు. నా పేరు కొప్పిశెట్టి సుమేధ. మూడో సంవత్సరం, నీటి ఇంజనీరింగు.

ఇవాళ్టి పనులు: కొలబద్ద చదవడం, పంపు గది తుడవడం, పడవలో వచ్చిన మంచినీళ్ల డబ్బాలు మేడ మీదికి చేర్చడం, లైసెన్సు ఎంచడం. మొదటి మూడూ తొమ్మిదింటికల్లా అయ్యాయి. నాలుగోదానికి ఇరవై ఆరు రోజులు గడువుంది.

కార్తీక శుద్ధ పాడ్యమి ఉదయం నుంచి, లాకుల దగ్గర షట్టర్లు నడిపే కంప్యూటరు పెట్టెలు లైసెన్సు కాగితం జతపడని కోడ్‌ను నడపవు. ఎవరు రాశారో, ఏ షరతుల మీద ఇచ్చారో తెలియని కోడ్‌తో చాలా లంకలు మునిగాక వచ్చిన చట్టం అది. ఆ కాగితం ఇచ్చేది రిజిస్ట్రీ. మా ల్యాబ్ కోడ్ పేరు 'పోటు'. సముద్రం ఎంత ఎత్తుకు వస్తుందో, ఏ షట్టరు ఎప్పుడు దించాలో, గట్టులో ఊట ఎంతుందో, గట్టు నిలుస్తుందో లేదో అది లెక్కగట్టి పెట్టెకు చెబుతుంది. గువ్వలలంక చుట్టూ ఉన్న పద్నాలుగు షట్టర్లను పదకొండేళ్లుగా అదే ఎత్తి దించుతోంది. చేత్తో తిప్పే చక్రం పెద్ద లాకుకు ఒక్కదానికే మిగిలింది.

లంకలో ఆరువందల ఇరవై ఇళ్లున్నాయి. నేల పోటు మట్టం కంటే మీటరున్నర కింద ఉంటుంది. పెట్టె ఆగితే లంక మొత్తం ఖాళీ చేయించాలని ఉత్తర్వు ముందే వచ్చి ఉంది. ఇంతవరకు ఖాళీ చేయించిన లంకల్లోకి ఎవరూ తిరిగి వెళ్లలేదు.

వేణి అక్క శ్రావణ పౌర్ణమి నాడు పోయింది. పడమటి గట్టు మీద కొలత తీస్తుండగా గట్టు జారింది. నాకు ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు. ఇదీ రోజువారీ వివరమే కనుక రాస్తున్నాను.


శుద్ధ సప్తమి. పోటు 1.9.

లైసెన్సులు ముప్పై నాలుగు చదివాను. చదవడం బాగుంది. వాటి భాష రాయిలా ఉంటుంది, ఎక్కడ తట్టినా ఒకే మోత. ఒక్కో మాటకు తెలుగు వెతుక్కుంటూ కూర్చుంటే మధ్యాహ్నం అన్నం సంగతి గుర్తు రాదు. ఈ మధ్య అన్నానికి రుచి కూడా తెలియడం లేదు కాబట్టి నష్టం లేదు.

చివరికి మూడు మిగిలాయి. వాటికి నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటిది 'చదువుకే': కాలేజీలు వాడుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు. రెండోది 'మీ ఇష్టం': ఎవరైనా తీసుకోవచ్చు, మార్చి మూసి పెట్టుకోవచ్చు, పేరు ఉంచితే చాలు. మూడోది 'మారిస్తే చూపాలి': ఎవరైనా తీసుకోవచ్చు, కానీ మార్చి ఇతరులకిచ్చినవాళ్లు, మార్చామని, ఏ రోజు మార్చామో రాసి, ఆ మార్పును కూడా ఇదే షరతు మీద అందరికీ ఇవ్వాలి.

సారుకు చూపించాను.

"చదువుకే అన్నది పెట్టమ్మా. మన పని చదువు. అమ్ముకునేవాళ్లకి మనమెందుకు ఇవ్వడం?"

"లంక నీటి సంఘం ఇంటింటికీ రుసుము తీసుకుంటుంది సారూ. రిజిస్ట్రీవాళ్లను అడిగాను. రుసుము తీసుకుంటే వ్యాపారం కిందే లెక్క అన్నారు. ఆ లైసెన్సు పెడితే గువ్వలలంక పెట్టే మొట్టమొదట ఆగిపోతుంది."

సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "అంటే మనం ఎవరి కోసం రాశామో వాళ్లకే పనికిరాదు."

"అవును సారూ."

"సరే, కొట్టెయ్."

కరీముల్లా అన్న ఫోను చేశాడు. నాలుగేళ్ల కింద ఈ ల్యాబులోనే చదివి, ఇప్పుడు ఎగువ పట్నంలో పంపుల కంపెనీలో ఉన్నాడు. ఫోన్లు పనిచేసేది రోజుకు రెండు గంటలే కనుక తొందరగా మాట్లాడాడు.

"మీ ఇష్టం అన్నది పెట్టు సుమేధా. మా కంపెనీ కూడా వాడుతుంది. నీ పేరు పెట్టెలో ఉంటది, గొప్పే కదా."

"పెట్టె మూసేస్తారుగా అన్నా. లోపల ఏం మార్చారో ఎవరికి కనబడుతుంది?"

"మాకు కనబడుతుందిగా."

"లంకలో ఉండేవాళ్లకి?"

"నువ్వు వేణిలా మాట్లాడతన్నావ్" అన్నాడు. లైను పోయింది.

మూడోదే అనుకున్నాను.


శుద్ధ నవమి. పోటు 1.8.

రిజిస్ట్రీ జవాబు: కోడ్ రాసిన ప్రతి ఒక్కరి సమ్మతి సంతకం కావాలి. చనిపోయినవారి తరఫున వారసులు సంతకం చేయాలి. ఎవరు ఏ భాగం రాశారో పట్టిక జతచేయాలి.

నీళ్ల డబ్బాలు ఇవాళ ఆరు తక్కువ వచ్చాయి.


శుద్ధ ద్వాదశి. పోటు 2.2.

పట్టిక కుదరడం లేదు. కారణం మా ల్యాబ్ ఆచారం.

కోడ్‌లో ఏ మార్పు చేసినా ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో దాని చరిత్రలో పడుతుంది. పదకొండేళ్ల చరిత్ర తెరిచి చూశాను. నాలుగువేల పైచిలుకు మార్పులున్నాయి. అన్నిటి ముందూ ఒకటే పేరు: ల్యాబ్. ల్యాబ్. ల్యాబ్. మాకందరికీ ఒకటే లాగిన్. దాని సంకేత పదం తలుపు పక్కన గోడ మీద సుద్దతో రాసి ఉంటుంది, చెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు దిద్దుతారు. "పని ల్యాబ్‌ది, మనిషిది కాదు" అని సారు మొదటి రోజు చెబుతారు. అది వినగానే నాకు చాలా గొప్పగా అనిపించింది. నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాను కూడా.

అందుకని మాటలు పట్టుకుని మనుషులను వెతుకుతున్నాను. ప్రతి భాగం మీదా రాసినవాళ్లు రెండు ముక్కలు వ్యాఖ్య పెడతారు. 'జాగ్రత్త గురూ' అని ఉంటే కరీముల్లా అన్న. 'గమనిక' అని మొదలై మూడు విశేషణాలు వరసగా వస్తే సారు. ఏ వ్యాఖ్యా లేకుండా గీతలు మాత్రమే ఉంటే రెండేళ్ల కింద చదువు ఆపేసిన భూషణం. అతను సంతకం చేసి పంపేశాడు.

వేణి అక్క వ్యాఖ్యలు పూర్తి వాక్యాలు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చెప్పినట్టు ఉంటాయి. ఊట లెక్క మీద ఇలా రాసింది: 'గట్టు కింద ఊరే నీరు తేటగా ఉంటే భయం లేదు. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ దొరకలేదు, మా నాన్న చెప్పాడు.'

దీన్ని తొమ్మిదిసార్లు చదివాను. వాక్యం బాగుందని తెలుస్తోంది. అంతకు మించి ఏమీ తెలియలేదు.


పౌర్ణమి. పోటు 2.5.

వేణి అక్క వారసుడు వాళ్ల నాన్న. పేరు పలివెల సూరన్న. గువ్వలలంక పెద్ద లాకుకు లస్కరు. అంటే గేటు మనిషి. ఆయనకు చదవడానికి వీలుగా లైసెన్సు మొత్తం తెలుగు చేసి, సమ్మతి కాగితం పట్టుకుని ఉదయం పడవలో వెళ్లాను.

సూరన్న బాబాయ్ లాకు మెట్ల మీద కూర్చుని మొత్తం చదివారు. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి కొలబద్ద చూసొచ్చారు. చివరి పేరా దగ్గర ఆగి గట్టిగా చదివారు.

"'ఈ కోడ్ ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాము. దీని వల్ల కలిగే ఏ నష్టానికీ రాసినవారు పూచీ పడరు.' ఇదెవరు పెట్టేరు?"

"అన్ని లైసెన్సుల్లోనూ ఉంటుంది బాబాయ్. ముప్పై నాలుగు చూశాను, ముప్పై నాలుగింట్లోనూ ఉంది. ఊరికే ఇస్తున్నాం కదా, ఏదైనా జరిగితే రాసినవాళ్లను కోర్టుకు లాగకుండా."

"నేనిక్కడ డ్యూటీ దిగాలంటే ఏం చెయ్యాలో తెలుసా నీకు?"

తెలియదన్నాను.

"ఎక్కేవాడు వచ్చి చక్రం మీద చెయ్యేసి, పూచీ నాది అనాలి. నేను ఇచ్చేను అనాలి. అప్పుడు దిగాలి. మా నాన్నకి జొరం వచ్చి ఒళ్లు కాలిపోతన్నా, ఎక్కేవాడు రాలేదని రెండ్రోజులు చక్రం కాడే పడుకున్నాడు. షట్టరు జానెడు ఎత్తినా పుస్తకంలో పేరు రాత్తాం. ఇదేంటమ్మాయ్, ఇన్ని కాగితాలు రాసి ఆఖర్న పూచీ లేదంటారేంటి?"

"అది మాట మాత్రమే బాబాయ్. చట్టానికి కావాలి."

"నా కూతురు పూచీ లేదనుకుంటే ఆ రోజు గట్టు మీద ఎందుకు నిలబడింది?"

కాగితం మడిచి తిరిగి ఇచ్చేశారు.

"దాని పేరు మీద ఇది నేను పెట్టను. నువ్వు మజ్జిగ తాగి ఎల్లు."

తాగాను. ఉప్పు వేశారో లేదో చెప్పలేను.


బహుళ విదియ. పోటు 2.5.

పట్టికలో ఇంకా ఎవరిదని తేలని వ్యాఖ్యలు పదిహేడు ఉన్నాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. పదకొండోది ఊట లెక్క మధ్యలో ఉంది. గట్టు ఎంత గట్టిగా ఉంటే ఆకుపచ్చ చూపాలి, ఎంతకు తగ్గితే ఎరుపు చూపాలి అని చెప్పే గుణకం అది. వేణి అక్క 1.5 పెట్టింది. దాన్ని ఎవరో 1.2 చేశారు. పక్కన రెండు వాక్యాలున్నాయి.

'తాత్కాలికం. రేపు మార్చాలి.'

తారీఖు చూశాను. పద్నాలుగు నెలల కిందటిది. రాసింది నేను.

జరిగింది ఇది. నేను ల్యాబులో చేరిన రెండో నెల తనిఖీ కమిటీ వచ్చింది. తెర మీద పడమటి గట్టు పొడుగునా ఎరుపు ఉంది. "ఇంత ఎరుపు చూస్తే వాళ్లు బెదిరిపోతారు. ఈ పూటకి కొంచెం తగ్గించమ్మా" అన్నారు సారు. తగ్గించాను. కమిటీ భోంచేసి వెళ్లింది. మర్నాడు నాకు పరీక్ష ఉంది. ఆ పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి.

శ్రావణ పౌర్ణమి ఉదయం కొలతలు మళ్లీ కోడ్‌కు ఇచ్చి నడిపాను. గట్టు విలువ 1.3 వచ్చింది. నా గుణకంతో ఆకుపచ్చ. 1.5తో నడిపితే ఎరుపు, దాని కింద వేణి అక్క రాసిన వాక్యం: 'గట్టు మీద మనుషులు ఉండకూడదు.'

మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ అదే.

గుణకాన్ని 1.5కు మార్చి, కొత్త కోడ్ లంకకు పంపాను. తర్వాత పంపు గది తుడిచాను. నిన్న తుడిచిందే, మళ్లీ తుడిచాను.


బహుళ చవితి. పోటు 2.3.

ప్రత్యేకంగా ఏమీ లేదు.


బహుళ షష్ఠి. పోటు 1.9.

సారుకు చెప్పాను. తెర తిప్పి రెండు వాక్యాలూ చూపించాను. ఆయన వంగి రెండూ చదివారు. శ్రావణం నుంచి ఆయన గడ్డం సరిగా గీసుకోవడం లేదు. అక్కడక్కడ తెల్లగా మిగిలిపోతోంది.

"ఇంకెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు సారూ."

"చరిత్ర పంపకు. రిజిస్ట్రీకి చివరి రూపం ఒక్కటి చాలు. చాలా ల్యాబులు అలాగే పంపుతాయి."

"పట్టిక అడిగారు సారూ."

"పట్టికలో ఊట లెక్క వేణిది అని రాయి. అబద్ధం కాదు, రాసింది తనే." గొంతు తగ్గించారు. "మాఘంలో నీకు ఎగువ పట్నంలో సీటుంది. ఇది బయట పడితే అది ఉంటుందనుకుంటున్నావా? లైసెన్సులో పూచీ లేదని ఉంది కదమ్మా. అలాంటి పేరా ఎందుకు పెడతారు? మనుషులు తప్పులు చేస్తారని తెలుసు కనుకే."

ఆయన చెడ్డగా మాట్లాడలేదు. నాకు జ్వరమొస్తే మందు తెచ్చిచ్చిన మనిషి. నేను బల్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఆ పేరా నాకు బాగా తెలుసు, నేనే తెలుగు చేశాను. 'పూచీ పడరు' అనే మాట కోసం ఒక పూటంతా వెతికాను. దొరికినప్పుడు సంతోషించాను. అది నన్ను కాపాడే మాట అని అప్పుడు తెలియదు.

"పట్టికలో నేను అలా రాయలేను సారూ. రాస్తే ఆ 1.2 అక్కదవుతుంది."

సారు లేచారు. తలుపు దగ్గర ఆగి, గోడ మీది సుద్ద అక్షరాలు చూసి, వెళ్లిపోయారు.


బహుళ దశమి. పోటు 1.9.

గువ్వలలంక వెళ్లాను. సూరన్న బాబాయ్ లాకు పళ్లచక్రాలకు గ్రీజు పూస్తున్నారు. నేను మెట్టు మీద నిలబడే చెప్పాను. దారిలో పడవలో వాక్యాలు సిద్ధం చేసుకున్నాను కానీ అవి రాలేదు.

"బాబాయ్, శ్రావణ పౌర్ణమినాడు గట్టు బాగుందని పెట్టె చెప్పింది. అలా చెప్పేలా మార్చింది నేను."

ఆయన గ్రీజు పూయడం ఆపలేదు. ఒక పన్ను, ఇంకో పన్ను.

"ఎంత నుంచి ఎంతకి?"

"ఒకటిన్నర ఉండాలి. ఒకటీ పాయింట్ రెండు చేశాను. ఒక్క రోజుకని చేశాను. మళ్లీ మార్చడం మరిచిపోయాను."

"వేణి చూళ్లేదా?"

"ఆ ఉదయం తెర చూసింది. పచ్చగా ఉంది. అందుకే గట్టు మీదికి వెళ్లింది."

చక్రం చుట్టూ మొత్తం గ్రీజు పూశారు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. వేళ్ల సందులు కూడా తుడుచుకున్నారు.

"ఆ మార్పు ఎవరి పేరు మీద ఉంది?"

"ల్యాబ్ పేరు మీద."

"ల్యాబ్ అంటే ఎవరు?"

"ఎవరూ కాదు బాబాయ్. అందరం."

"పదకొండేళ్లు ఈ లంక తలుపులన్నీ ఎవరూ కానోడు తిప్పేడన్నమాట." గుడ్డ మడత పెట్టారు. "ఎల్లు. పడవెల్లిపోద్ది."

పడవ ఎక్కాను. అవతలి ఒడ్డు వచ్చిందని పడవ నడిపే సరంగు రెండుసార్లు పిలిచాడట.


బహుళ ఏకాదశి. పోటు 2.1.

ఉదయం మొదటి పడవలో సూరన్న బాబాయ్ ల్యాబుకు వచ్చారు. ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. చంకలో లస్కరు పుస్తకం ఉంది. వేణి అక్క కూర్చునే కుర్చీ ఏదని అడిగి, దాని పక్క కుర్చీలో కూర్చున్నారు.

పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. తేదీ, షట్టరు నంబరు, ఎంత ఎత్తారు, ఎవరు ఎత్తారు. నాలుగు గళ్లు. పేజీ తర్వాత పేజీ.

"మీ కోడ్‌కి కూడా ఇలా రాయి. మొత్తానికి. అప్పుడు సంతకం పెడతా."

"నాలుగువేల మార్పులు బాబాయ్. నాలుగు రోజులే ఉంది."

"కబుర్లు చెప్పకుండా రాత్తే అవుద్ది."

"పూచీ లేదన్న పేరా తీయడానికి వీల్లేదు. అది తీస్తే రిజిస్ట్రీ తీసుకోదు. కానీ ఇంకో మాట ఉంది చూడండి." అడుగున ఉన్న వాక్యం చదివి వినిపించాను. ఎవరైనా కావాలనుకుంటే, తన ఒక్క పేరు మీద, పూచీ విడిగా ఇవ్వవచ్చు. మిగతా రచయితలను అందులోకి లాగకూడదు. "గువ్వలలంక వరకు ఆ పూచీ నేను రాసిస్తాను. అక్క పేరు పక్కన పూచీ లేదని ఉన్నా, లాకు దగ్గర మాత్రం ఒక మనిషి ఉన్నట్టే."

బాబాయ్ నన్ను పరీక్షగా చూశారు. కోపంగా కూడా కాదు. కొత్తగా వచ్చిన షట్టరు పలకను చూసినట్టు చూశారు.

"రాసిస్తే సరిపోద్దా? పోటుపోటుకీ ఇక్కడుండాలి. ఎక్కడో పట్నంలో కూచుని పూచీ అంటే నేనొప్పుకోను."

"ఉంటాను."

"ఎన్నాళ్లు?"

"ఇంకొకరు వచ్చి తీసుకునేదాకా."

"ఎవరూ రాకపోతే?"

"ఉంటాను బాబాయ్."

ఆయన సమ్మతి కాగితం తీసుకుని సంతకం చేశారు. పెద్ద అక్షరాలతో, నిదానంగా. 'పలివెల సత్యవేణి తరఫున' అన్న చోట కలం ఒకసారి ఆగింది. క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు.


బహుళ చతుర్దశి. పోటు 2.4.

పేర్లు రాస్తున్నాను. కరీముల్లా అన్న ఫోను దొరికిన రెండు గంటలూ తనవేవో చెబుతున్నాడు. "అదెవడు రాశాడు, అంత దరిద్రంగా ఉంది?" అని అడిగి, తర్వాత అది తనదేనని ఒప్పుకున్నవి ఐదు. సంతకం కూడా పంపాడు. తన కంపెనీకి పనికిరాదని తెలిసి పంపాడు.

నా 1.2 పక్కన రాసుకున్నాను: 'మార్చింది కొప్పిశెట్టి సుమేధ. తిరిగి మార్చడం మరిచిపోయింది.' ఎంత చిన్న వాక్యమో. ఇంకే మాటా చేర్చబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం పడవ దగ్గర నుంచి వచ్చి చూస్తే దాని కింద ఇంకో వరస ఉంది. ముందు ల్యాబ్ అని లేదు. ఆ పూటే పుట్టిన కొత్త లాగిన్ ఉంది. 'మార్చమన్నది నేను. భానోజీ.' విశేషణాలేమీ లేవు.

సారు తన గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. తలెత్తలేదు.


అమావాస్య. పోటు 2.6.

ఉదయం పదకొండుకు చరిత్రతో సహా కోడ్, పట్టిక, ఐదు సంతకాలు, మూడో లైసెన్సు, నా పూచీ పత్రం రిజిస్ట్రీకి పంపాను. మధ్యాహ్నం మూడుకు రసీదు వచ్చింది. ఇక ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరైనా చదవవచ్చు.

ఎగువ పట్నానికి, మాఘంలో రాలేనని ఉత్తరం రాశాను.


కార్తీక శుద్ధ పాడ్యమి. పోటు 2.6.

గువ్వలలంకలో ఉన్నాను. ఆరు గంటలకు పెట్టె లైసెన్సు కాగితం వెతుక్కుంది. దొరికింది. షట్టర్లు వరసగా దిగాయి. లంక ఉంది.

ఏడు గంటలకు రేపటి లెక్క వచ్చింది. పోటు 2.7. పడమటి గట్టు 1.4. ఎరుపు.

పాత గుణకమైతే పచ్చగా ఉండేది. పడమటి వీధిలో అరవై ఒక్క ఇళ్లున్నాయి. రేపు పోటు దిగేదాకా అందరూ బడి మేడ మీదికి వెళ్లాలి. బాబాయ్, నేను ఇంటింటికీ వెళ్లాం. బాబాయ్ తలుపు కొట్టి పక్కకు తప్పుకునేవారు. చెప్పడం నా పని.

నలభయ్యో ఇల్లు మంగాయమ్మ గారిది. చేపలు ఎండబెట్టుకుంటున్నారు.

"పెట్టె చెప్పిందా?" అన్నారు.

"పెట్టె లెక్క చెప్పిందండి. వెళ్లమని చెబుతున్నది నేను."

"నువ్వెవరు?"

పేరు చెప్పాను. పూచీ పత్రం సంగతి చెప్పాను. ఆవిడ బాబాయ్ వైపు చూశారు.

"ఏరా సూరన్నా, వేణి మీద పడ్డ గట్టుకి కారణం ఈ పిల్లేనా?"

"ఈ పిల్లేనప్పా" అన్నారు బాబాయ్.

ఆవిడ ఎండు చేపలు ఎత్తి చాటలో పోసుకున్నారు. ఇంట్లోకి వెళ్లి దుప్పటి తెచ్చుకున్నారు.


కార్తీక శుద్ధ విదియ. పోటు 2.7.

పడమటి గట్టు తెగలేదు.

పోటు తొమ్మిదిన్నరకు వచ్చింది, పదకొండున్నరకు తీసింది. నేను పెద్ద లాకు చక్రం దగ్గరే నిలబడ్డాను. పన్నెండుకు జనాన్ని దిగమన్నాం. మేడ మెట్లు దిగుతూ దాదాపు అందరూ ఏదో ఒకటి అన్నారు. పిల్లలు మెట్ల మీద పడ్డారు, ఒక పనిరోజు పోయింది, గట్టు రాయిలా ఉంది, అనవసరంగా లేపారు. ఒకాయన, ఇలా ఇంకోసారి చెబితే వినేది లేదన్నాడు.

"వింటారా బాబాయ్, ఇంకోసారి?"

"తిడతా తిడతా ఎల్తారు. తిట్టించుకో."

మంగాయమ్మ గారు మధ్యాహ్నం లాకు దగ్గరికి వచ్చారు. తొందరలో కోడిపెట్టను గంప కింద పెట్టడం మరిచిపోయారట. వచ్చి చూస్తే లేదు. "నీ మాట నమ్మి ఎల్లేను. నా పెట్ట ఏదీ?" అన్నారు.

వెతికాను. పడమటి వీధి, గట్టు వాలు, రెల్లు పొదలు, బడి వెనక. సాయంత్రం దాకా తిరిగినా దొరకలేదు. పాదాలు చీరుకుపోయాయి. తిరిగి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక మంట పుట్టింది. చాలా రోజుల తర్వాత ఒంట్లో ఏదో ఉందని తెలిసింది.

బాబాయ్ లస్కరు పుస్తకం నా ఒళ్లో పెట్టారు. ఇవాళ్టి ఫిర్యాదులు రాయాలి. అన్నీ రాశాను. చివరిది:

మంగాయమ్మ గారు, పడమటి వీధి. ఎర్ర కోడిపెట్ట ఒకటి, మెడ మీద తెల్ల మచ్చ. కనబడటం లేదు. జవాబు చెప్పవలసినవారు: కొప్పిశెట్టి సుమేధ. రేపు ఉదయం పోటు తీశాక మళ్లీ వెతకాలి.